బెల్లం జేబు

ఇది నేనే ఎందుకు రాయాలంటే, ఇంకెవరూ రాయలేదు. రాశారేమోనని వెతికాను కూడా. మా శాఖా గ్రంథాలయంలో తెలంగాణ ఉద్యమం మీద ఒక బీరువా నిండా పుస్తకాలున్నాయి. వాటిలో సగానికి పైగా చదివాను. ఎవరు ఎక్కడ ఏం మాట్లాడారు, రోడ్ల మీద వంటలు ఎక్కడ చేశారు, రైళ్లు ఎక్కడ ఆగాయి, అన్నీ ఉన్నాయి. కరెంటు లేని ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీద సిమెంటు బోర్డును చేత్తో కోసిన మనిషి గురించి ఎక్కడా ఒక్క వాక్యం లేదు. ఇళ్లు కట్టే పనుల మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంటే, నిఘంటువు పక్కన పెట్టుకుని అదీ చదివాను. బోర్డు కోసే మిషన్ల బొమ్మలు రంగుల్లో వేశారు. చేతి పనిముట్లకు చిన్న పేరా ఒకటి ఇచ్చి సరిపెట్టారు. కిటికీ చుట్టూ బోర్డు పగలకుండా ఎలా కోయాలో నాకు తెలిసినంత కూడా అందులో లేదు.

నేను బడిలో చదివింది ఏడో తరగతి దాకానే. నల్లగొండ పక్క పల్లెటూరి నుంచి పెళ్లయి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్ మెట్ల కింద బ్లౌజులు కుట్టే షాపు పెట్టుకున్నాను. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. సొంతంగా చదువుకున్నవాళ్లకు ఒక చెడ్డ అలవాటు ఉంటుంది. పుస్తకంలో లేనిది కనబడితే మనసు ఊరుకోదు.

పోయిన వారం మా షాపు ఎదురు బిల్డింగుకు కొత్త హంగు చేయడం మొదలుపెట్టారు. చెక్క పలకల్లా కనిపించే సిమెంటు పలకలు గోడంతా ఒకదాని మీద ఒకటి బిగిస్తున్నారు. మిషన్ అరుపుకు మాట వినబడడం లేదు. కౌంటరు మీద పరిచిన నల్ల బ్లౌజు గుడ్డ కాసేపట్లో బూడిద రంగుకు తిరిగింది. వేలితో గీస్తే గీత పడింది. ఆ గీతను చూస్తూ కత్తెర పక్కన పెట్టేశాను.

మా అన్న ఆ పొడితోనే పోయాడు. సొంత అన్న కాదు. బోర్డు పని చేసే మేస్త్రి. ఆయన కోరింది పెద్దదేమీ కాదు. ఆ పొడికి దూరంగా ఉంటూ తనకొచ్చిన పనే చేసుకుని బతకాలని. అది ఆయనకు దొరికింది సమ్మెలో కరెంటు లేనన్నాళ్లే.

మొదటిసారి నా దగ్గరికి వచ్చింది సంచి కుట్టించుకోవడానికి. పాత జీన్స్ ప్యాంటు కాలుతో చేసిన సంచి, అడుగున చిరిగి పనిముట్లు బయటికి చూస్తున్నాయి. నేను ఆడవాళ్ల బట్టలే కుడతానని చెప్పాను. ఆయన వినిపించుకోకుండా అన్నీ నా కౌంటరు మీద పరిచాడు. విరిగిన రంపపు బ్లేడును సానబట్టి, కొనను చిలకముక్కులా చేసి, చెక్క పిడి తగిలించిన గీతకత్తి. పొట్టి రంపం. చేత్తో తిప్పి బెజ్జాలు వేసే బర్మా. ఆకురాయి. మూలమట్టం. ఒక్కొక్కటి తీసి నా వైపు తోస్తూ, "కొలత తీసుకో చెల్లెమ్మా. ఇవీ మనుషుల్లాంటివే, ఒకళ్ల చొక్కా ఇంకొకళ్లకు పట్టదు" అన్నాడు. మాట కోస్తా వాళ్ల మాట. నవ్వొచ్చి టేపు తీశాను.

అన్నిటికీ కొలతలు అయ్యాక, పైన ఒక చిన్న జేబు పెట్టమన్నాడు. మూత ఉండాలట, చీమలు పట్టకుండా.

"దేనికన్నా?"

"బెల్లానికి. బోర్డు కోసేటప్పుడు పొడి లోపలికి పోద్ది గదా. పొద్దుగూకాక ఇంత ముక్క నమిలితే అదంతా కిందికి దిగిపోద్ది. మా పనిలో అందరం తింటాం."

అంటుండగానే ఆయనకు దగ్గు వచ్చింది. దగ్గు వస్తే ఆయన చూపుడు వేలు పైకెత్తేవాడు. ఫోన్లో ఉన్నవాళ్లు ఒక్క నిమిషం ఆగమన్నట్టు ఎత్తుతారు చూడండి, అలా. ఎదుటివాళ్లు ఆగాలి. దగ్గు తగ్గాక వేలు దించి, మాట ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడి నుంచే అందుకునేవాడు. క్షమించమని అడగడం, అలసిపోయానని చెప్పడం ఉండేవి కావు. మొదట్లో ఆ వేలు చూసి మా ఆయన కూడా నవ్వేవాడు. తర్వాత్తర్వాత మేమూ వేలు దిగేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడేవాళ్లం.

ఆయన సంగతి ముక్కలు ముక్కలుగా తెలిసింది. కృష్ణ ఒడ్డున ఏదో ఊరు. భార్య సీతారావమ్మ. ఎల్‌బీ నగర్‌లో రింగు రోడ్డు దాటాక ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. ఆమె రెండిళ్లలో వంట చేసేది. ఈయన చాలా ఏళ్లు మిషన్‌తోనే బోర్డులు కోశాడు. దగ్గు మొదలయ్యాక సర్కారు దవాఖానలో ఛాతీకి ఫొటో తీసి, డాక్టరు ఇంక పొడి దగ్గరికి పోవద్దని గట్టిగా చెప్పాడట. అప్పటి నుంచి మిషన్ వదిలేసి పాత చేతి పనిముట్లు బయటికి తీశాడు. మిషన్‌తో కోస్తే పొడి పొగలా లేచి గాలిలో నిలుస్తుంది. చేత్తో గీసి విరిస్తే రవ్వలా రాలి కాళ్ల దగ్గర పడుతుంది. ఆయన లెక్క అది. తప్పు లెక్క కాదు. కాని చేత్తో కోసేవాడిని పనికి పిలిచేవాళ్లు ఎవరూ లేరు.

మా హాస్టల్ ఓనరు జంగయ్య సారు పైన ఇంకో వరస గదులు వేస్తున్నాడు. ఆయన ఇక్కడి పాత ఊరివాడు. పొలాలు పోయి బిల్డింగులైన కుటుంబం. ఇనుప ఫ్రేము నిలబెట్టి, బయట వైపు సిమెంటు బోర్డులు కొట్టడం పని. అన్న పని అడగడానికి వస్తే జంగయ్య సారు సంచిలోకి తొంగి చూసి, "గీటితోని కోస్తవా? నువ్వు కోసేసరికి నా హాస్టల్ల పోరిల పెండ్లిళ్లయి పిల్లలు పుడ్తరు" అన్నాడు. మిషన్ మనుషులను పెట్టుకున్నాడు. అన్న సంచి భుజాన వేసుకుని నా షాపు ముందు నుంచి వెళ్తూ, "ఓనరు గారికి తొందరగా ఉంది" అని మాత్రం అన్నాడు.

అప్పుడే సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గు బావులు ఆగాయి. బస్సులు ఆగాయి. మా ఆయన మల్లేశ్ బస్సు కండక్టరు, డిపో ముందు టెంటు కిందే ఉండేవాడు. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియదు. నేను మోటారు విప్పేసి కుట్టు మిషన్‌ను మళ్లీ కాలితో తొక్కడం మొదలుపెట్టాను. మేడ మీది మిషన్ మనుషులు మెట్ల మీద కూర్చుని పేకాడుతున్నారు. జనరేటర్ పెడదామంటే బందుల్లో డీజిలుకు తిరగాలి. చివరికి జంగయ్య సారే నా షాపు దగ్గరికి వచ్చి ఫోను తీశాడు. అందులో అన్న నంబరు 'బోర్డు ఆంధ్ర' అని ఉంది.

ఆ రోజుల్లో ఆయన ముఖం చూడాలి. పొద్దున్నే వచ్చేవాడు. వస్తూనే నా షాపులోకి తొంగి చూసి, "కరెంటు ఉందా?" అని అడిగేవాడు. లేదంటే కళ్లు మెరిసేవి. ఊరు ఊరంతా ఫ్యాను ఆగిందని విసుక్కుంటుంటే, ఆ మాటకు సంతోషించిన మనిషిని నేను ఈయన్నొక్కడినే చూశాను.

ఒక మధ్యాహ్నం పని లేక నేను పైకి వెళ్లాను. కిటికీ చుట్టూ బోర్డు కూర్చోబెడుతున్నాడు. బోర్డుకు ఒక పక్క నుంచి కిటికీ అంత ముక్క తీసేయాలి, మిగిలింది కిటికీని మూడు వైపులా పట్టుకోవాలి. గీతలు పెట్టాడు. నేను రంపం తీస్తాడనుకున్నాను. తీయలేదు. లోపలి మూలలు రెండిటి దగ్గరా బర్మాతో ముందు చిన్న బెజ్జాలు వేశాడు. తర్వాత రెండు పక్కలా రంపంతో ఆ బెజ్జాల దాకా కోశాడు. మూడో గీతను గీతకత్తితో మళ్లీ మళ్లీ లాగాడు. కింద చెక్క పెట్టి అరచేత్తో ఒక్కటి వేస్తే, ముక్క టప్పున ఊడి వచ్చింది. ఊడిన చోట ఆకురాయితో రుద్ది, మూలలో వేలు పెట్టి తడిమి చూసుకున్నాడు. ఎక్కడ మూల కనబడినా ఆయన వేలు అలా పోయేది. నా కౌంటరు మూల, మెట్ల అంచు, టీ కొట్టు బల్ల, ఏదైనా సరే.

"బెజ్జం ఎందుకన్నా ముందుగాల?"

"మూల పదునుగా ఉంటే పగులు అక్కడే పుట్టుద్ది చెల్లెమ్మా. ఇవాళ కాకపోతే ఎండాకాలం. గుండ్రం బెజ్జం ఉందనుకో, పగులు దాని దాకా వచ్చి, దారి దొరక్క ఆగిపోద్ది."

నాకు చెప్పలేనంత ఆనందం వేసింది. చదరపు మెడ కత్తిరించేటప్పుడు మూల దగ్గర మేమూ ఇంతే. ముందు కుట్టు వేసి, కత్తెర కొన దాని దాకా తెచ్చి ఆపాలి. దారమంత దాటినా బ్లౌజుకు చిరుగు పడుతుంది. అది చెప్పాను. ఆయన బోర్డు పక్కన పెట్టి, చదరపు మెడ కుట్టడం మొత్తం చెప్పించుకున్నాడు. "అయితే మనిద్దరిదీ కంతల పనే" అన్నాడు. గుడ్డకైనా బోర్డుకైనా తిన్నగా కోయడం ఎవరికైనా వస్తుంది, మధ్యలో మెడో కిటికీనో వచ్చినప్పుడే కష్టం అని నేనన్నాను. అది నచ్చి, చాలాసార్లు నాకే తిరిగి చెప్పాడు, తనే అన్నట్టు.

అప్పుడే మల్లేశ్ టెంటు నుంచి ముఖం నిండా గులాబీ రంగుతో పైకి వచ్చాడు. అన్నను అతను 'విజయవాడ' అని పిలిచేవాడు. ఆయన ఊరు విజయవాడ కాదని చెప్పినా మానలేదు.

"ఏం విజయవాడా, మేం జీతాల్లేక రోడ్ల మీద కూసుంటే నీకు పని దొరికె. మా సమ్మె మీకే కలిసొచ్చింది. ఇగనన్న జై తెలంగాణ అను."

అన్న వేలెత్తాడు. దగ్గు వచ్చింది, పోయింది. మేమిద్దరం ఆగాం. వేలు దించి, "అంటాను బావగారూ. జై తెలంగాణ. మీరు మాత్రం కరెంటు రానీయకండి" అన్నాడు.

మల్లేశ్ పగలబడి నవ్వాడు. నన్ను చెల్లెమ్మ అన్నాక తను బావే కదా మరి. కిందికి వచ్చాక నాతో, ఆంధ్రాయన మంచోడే గని మెత్తగ గుచ్చుతడు అన్నాడు.

ఆ నెలలోనే నేను ఆ వైద్య పుస్తకం పట్టుకున్నాను. గ్రంథాలయంలో వైద్యం అరలో అడుగున ఉండేది, రకరకాల పనులవాళ్లకు వచ్చే రోగాల గురించి. హాస్టల్‌లో ఉండి నర్సింగ్ చదివే స్వప్న అనే అమ్మాయి సాయంత్రాలు నా షాపులో కూర్చుని, తెలియని మాటలు విడదీసి చెప్పింది. రాయి పొడి, ఇసుక పొడి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయని, పోయినది తిరిగి రాదని, దాని చుట్టూ మచ్చ కట్టి గట్టిపడుతుందని ఉంది. పొడి దగ్గరికి పోవడం మానేసినా కొందరిలో అది పెరుగుతూనే ఉంటుందని కూడా ఉంది. ఆ వాక్యం స్వప్న చదివి అర్థం చెప్పి, మళ్లీ చదివింది. తప్పు చదివిందేమోనని నేను నిఘంటువు తీశాను. తప్పు కాదు.

ఆ చివరి సంగతి ఆయనకు చెప్పలేదు. మనసు రాలేదు. బెల్లం సంగతి మాత్రం చెప్పాలనుకున్నాను. మర్నాడు పని అయిపోయి, జేబు మూత తీసి ముక్క నోట్లో వేసుకుంటుండగా, కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. గొంతులో రెండు దారులు. తిండి పోయేది వేరు, గాలి పోయేది వేరు.

"గీ బెల్లం గా దారిల పోనే పోదన్నా. పొడి ఒక ఇంట్ల ఉంటే నువ్వు ఇంకో ఇల్లు ఊడుస్తున్నవ్."

బొమ్మను చాలాసేపు చూశాడు. మూలమట్టం పెట్టి చూసినట్టు తల వంచి చూశాడు.

"మా నాన్న పత్తి మిల్లులో తినేవాడు చెల్లెమ్మా. ఆయన చెబితేనే నేనూ మొదలుపెట్టాను."

"మరి ఆయన మంచిగున్నడా?"

ఆయన వేలెత్తాడు. నేను ఆగాను. దగ్గు రాలేదు. వేలు అలాగే ఉంది. తర్వాత దించి, "రోజంతా మట్టి మింగాక తీపి ఏదన్నా నోట్లో పడాలిగా" అని, ముక్క సగం విరిచి నా చేతిలో పెట్టాడు.

నాకు చేతనైంది కుట్టడం. మెత్తటి నూలు గుడ్డ మడతలు వేసి, ముక్కుకు చెవులకు కొలత తీసి ముసుగులు కుట్టాను. ఆయన మురిసిపోయాడు. కాని ఆ పుస్తకంలోనే ఇంకో పేజీలో, ఇంత సన్నటి పొడిని మామూలు గుడ్డ ఆపదని ఉంది. నేను కుట్టిన ముసుగును వెలుతురుకు ఎత్తి చూశాను. నేత సందుల్లో నుంచి వెలుగు కనిపించింది. సూది బెజ్జాలతో బతికేదాన్ని, గుడ్డంటే బెజ్జాలేనని నాకు ఇంకొకరు చెప్పాలా? ఇది మాత్రం ఆయనకు చెప్పాను. దవాఖాన వాళ్లు పెట్టుకునే రకం కొనుక్కోమన్నాను. కొన్నాడు, ఊపిరాడడం లేదని తీసేశాడు. నేను కుట్టినవే ఉతికించుకుని పెట్టుకునేవాడు.

సమ్మె అయిపోయింది. కరెంటు వచ్చిన రోజు మా సందులో అందరూ హమ్మయ్య అన్నారు. నా తల మీద ఫ్యాను తిరిగింది. దాంతోపాటే పైన మిషన్ అరిచింది. అరుపు ఆగేసరికి అన్న కిందికి వచ్చి నా షాపు మెట్టు మీద కూర్చున్నాడు. సంచి ఒళ్లో ఉంది.

పిల్లల అడ్మిషన్ల లోపు గదులు కావాలి, చేతి పని ఇంక కుదరదు, మిషన్ పట్టుకుంటే ఉండు, లేదంటే నీ ఇష్టం అని జంగయ్య సారు చెప్పాడట. నేను పైకి వెళ్లాను. ఆ మనిషికి ఛాతీ పాడైందని, డాక్టరు వద్దన్నాడని, కిటికీల పని వరకైనా చేత్తో చేయనివ్వమని అడిగాను. జంగయ్య సారు కసిరే రకం కాదు. తల గోక్కున్నాడు.

"పద్మమ్మా, నాకు తెల్వదా? దగ్గుతుంటే నాకూ పరేషానే అయితది. కిటికీల పని చేత్తోనే చేయనియ్యి, నేనేం అన. గని దినమంత కిటికీలుంటయా? తతిమ్మా పొద్దు ఏం చేస్తడు?"

నేను దిగి వచ్చాను. అన్న అక్కడే కూర్చుని ఉన్నాడు.

"వద్దన్నా. ఇంకేమన్న పని చూస్కో."

"ఏం పని చెయ్యను, చెప్పు."

నేను ఆలోచించాను. వాచ్‌మన్ పని అన్నాను. ఇక్కడ వాచ్‌మన్ అంటే నీళ్ల మోటారు, మెట్లు, అపార్ట్‌మెంట్‌లో అందరి గ్యాస్ బండలు మోయడం. ఆయనకు రెండో అంతస్తుకే ఆయాసం. టీ బండి అన్నాను, పొయ్యి పొగ అన్నాడు. సీతారావమ్మ వదిన వంట చేసే ఇళ్లలో కూరగాయలు తరగడం అన్నాను, మగమనిషిని వంటింట్లోకి రానివ్వరన్నాడు. నేను చెప్పిన ప్రతిదాన్నీ ఆయన శ్రద్ధగా విన్నాడు, తీసిపారేయలేదు. నా దగ్గర చెప్పడానికి ఇంకేం మిగలలేదని ఇద్దరికీ తెలిశాక, లేచి, ముసుగు ముక్కుకు కట్టుకుని పైకి వెళ్లాడు. నేను కాలితో తొక్కే మిషన్‌కు మళ్లీ మోటారు తగిలించుకున్నాను.

పైన అరుపు మొదలైంది. నడుమ నడుమ ఆగేది. ఆగినప్పుడల్లా బర్మా తిప్పే చిన్న కీచు శబ్దం వినిపించేది. కిటికీ మూలలు వచ్చాయన్నమాట. ఆ శబ్దం విన్నంతసేపు నా చేయి కూడా తేలికగా ఆడేది.

ఆ గదులయ్యాక ఇంకోచోట, ఆ తర్వాత నాగోల్ వైపు అపార్ట్‌మెంట్లు. మనిషి నెలనెలకూ తగ్గిపోయాడు. వేలు ఎత్తి ఉంచే సమయం పెరిగింది. ఒకసారి దగ్గు తగ్గి వేలు దించాక, మాట ఎక్కడ ఆగిందో మర్చిపోయాడు. నా ముఖం వైపు చూశాడు. నేను అందించాను. ఆ తర్వాత నుంచి ఆయన మాటలు గుర్తుపెట్టుకోవడం నా పనైంది. చివరికి మిషన్ ఎత్తే బలం కూడా లేక ఇంట్లో కూర్చున్నాడు.

రాష్ట్రం ఇస్తున్నట్టు టీవీలో చెప్పిన సాయంత్రం నేను ఎల్‌బీ నగర్‌లో వాళ్ల గదిలోనే ఉన్నాను. చూసి పోదామని వెళ్లాను. ఒక్కసారిగా వీధులన్నీ పటాకులతో దద్దరిల్లాయి. నేను సంతోషించాను, అది దాచిపెట్టి రాయలేను. మా ఊళ్లో, మా ఇంట్లో అందరూ ఏళ్ల తరబడి ఎదురుచూసిన మాట అది. కాని కాసేపటికే పొగ గదిలోకి వచ్చింది. ఆయన మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఊని, నోరు తెరిచి ఊపిరి వెతుక్కుంటున్నాడు. సీతారావమ్మ వదిన, నేను దుప్పట్లు తడిపి కిటికీకి, తలుపు సందుకు కట్టాం. కట్టిన గుడ్డ నుంచి కూడా పొగ వస్తూనే ఉంది. బయటికి వెళ్లి ఆపమని అడగనా? ఎవరిని? వీధి వీధంతా ఎగురుతోంది. పక్క గదుల్లోని కోస్తా వాళ్లు భయంతో తలుపులు మూసుకున్నారు. మేమూ మూసుకున్నాం. బయటివాళ్లకు మా తలుపూ అలాగే కనబడి ఉంటుంది.

మల్లేశ్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు, మెడలో గులాబీ కండువా, చేతిలో మిఠాయి డబ్బా. గుమ్మంలో నిలబడి ఆయన్ని చూసి, కండువా తీసి జేబులో కుక్కుకున్నాడు. వీధిలోకి పరుగెత్తి, ఆ గది ముందు వరకైనా పటాకులు కాల్చకుండా పిల్లలను బతిమాలి ఆపాడు. వీధి చివర మాత్రం ఆగలేదు.

కొంత నెమ్మదించాక అన్న మా ఆయన చేతిలోని డబ్బా వైపు చూశాడు.

"వచ్చింది కదా బావగారూ. తీపి పెట్టరా?"

మల్లేశ్ డబ్బా తెరిచాడు. అన్న తల ఊపి, గోడకు వేలాడే సంచి చూపించాడు. నేను జేబు మూత తీశాను. అందులో ఒక ముక్క ఉంది, కరిగి గుడ్డకు అంటుకుని. మల్లేశ్ దాన్ని గోటితో గీకి తీసి, ఆయన నోటికి అందించాడు.

"తిను బావా" అన్నాడు.

విజయవాడ అని మళ్లీ ఎప్పుడూ అనలేదు.

నేను కూడా ఆ రోజు గొంతులో రెండు దారులున్నాయని చెప్పలేదు.

కొద్ది వారాలకు వాళ్లు ఊరికి వెళ్లిపోవాలనుకున్నారు. అక్కడ గాలి మంచిదని వదిన ఆశ. ఎల్‌బీ నగర్‌లో విజయవాడ వైపు బస్సు ఎక్కించాం. సామాను చూసి పక్కనున్న ఒకాయన, రాష్ట్రం వచ్చిందని అప్పుడే సర్దుకుంటున్నారా అన్నాడు. మల్లేశ్ అతని మీదికి వెళ్లబోతే నేను చేయి పట్టుకుని ఆపాను. తర్వాత వదిన ఫోన్లో చెప్పింది, ఊళ్లోనూ అంతేనట. తరిమేశారా అని అడిగారట. తరిమింది తెలంగాణ కాదు, సిమెంటు పొడి అంటే ఎవరూ నమ్మలేదట.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను కింద నిలబడ్డాను. ఆయన వేలు కిటికీ మూల మీదికి పోయింది. తడిమాడు. మళ్లీ తడిమాడు. ముఖం విప్పారింది.

"చూశావా చెల్లెమ్మా, బస్సు కిటికీకి మూలల్లేవు. గుండ్రం చేసేశారు. ఇది చేసినోడికి ఎవడో చెప్పాడు."

బస్సు కదిలింది. ఆయన వేలెత్తాడు. దగ్గు వచ్చిందో, వెళ్లొస్తానన్నాడో నాకు తెలియలేదు.

తర్వాత కొన్నిసార్లు ఫోన్లో మాట్లాడాడు. మాట మధ్యలో నిశ్శబ్దం వచ్చేది. నాకు వేలు కనిపించేది కాదు గాని, ఎత్తి ఉంటాడని తెలుసు కాబట్టి ఆగేదాన్ని. ఒకరోజు అలాగే ఆగాను. చాలాసేపటికి వదిన ఫోను తీసుకుని, ఆయన పడుకున్నాడు పద్మా, మళ్లీ చేస్తాం అంది. మళ్లీ చేసినప్పుడు ఆమె ఒక్కతే మాట్లాడింది.

పోయిన వారం, నల్ల గుడ్డ మీద గీత చూశాక, నేను రోడ్డు దాటి ఎదురు బిల్డింగు దగ్గరికి వెళ్లాను. మిషన్ పట్టుకున్న మనిషి బీహారు నుంచి వచ్చాడు. కనుబొమల మీద కూడా పొడి. చేయి ఊపితే మిషన్ ఆపాడు. నాకు వచ్చిన హిందీలో, ఈ పొడి ఛాతీలోకి పోతే తిరిగి రాదని, నీళ్లు చల్లుతూ కోయాలని, ఆ రుమాలు ఆపదని చెప్పాను. మంచిగా విన్నాడు. పెద్దమనిషిని కదా, నవ్వుతూ ధైర్యం చెప్పాడు.

"కుఛ్ నహీ హోగా దీదీ. శామ్ కో గుడ్ ఖా లేతే హై."

ఏం కాదు అక్కా, సాయంత్రం బెల్లం తింటాంగా అని. జేబులో నుంచి పొట్లం తీసి చూపించాడు కూడా.

నేను తిరిగి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. రాయడానికి సాయం చేసినవాళ్ల పేర్లు చెప్పుకోవాలి. ఆ వైద్య పుస్తకాన్ని గడువు దాటినా నా దగ్గరే ఉంచనిచ్చిన గ్రంథాలయం విజయలక్ష్మి మేడమ్‌కు. అర్థాలు చెప్పిన స్వప్నకు. ఇప్పుడామె ఎక్కడో నర్సుగా ఉంది. ఆ కిటికీ మూలలను మళ్లీ చూసి రావడానికి మేడ తాళం ఇచ్చిన జంగయ్య సారుకు. అవి ఈనాటికీ పగలలేదు. రాసింది రాసినట్టు విని, తను అన్న మాటలు తీసేయమని అడగని మా ఆయన మల్లేశ్‌కు. సీతారావమ్మ వదినకు. అన్న పేరు రాద్దామని ఆమెకు ఫోన్ చేశాను. ఇన్నేళ్లలో ఆయన పేరు నేను వినలేదు. మేస్త్రి అన్నారు, బోర్డు ఆంధ్ర అన్నారు, వదిన ఎప్పుడూ 'ఆయన' అనేది. ఆమె, భర్త పేరు ఎన్నడూ నోటితో పలకలేదని, మనిషి పోయాక ఇప్పుడు పలకలేనని అంది. నువ్వు పిలిచిందే రాయి, ఆయనకు అదే ఇష్టం అంది. అదే రాశాను.

చివరగా, నేను మాట్లాడినంతసేపు మిషన్ ఆపినందుకు ఎదురు బిల్డింగులోని రాంబిలాస్‌కు. ఈసారి పేరు ముందే అడిగాను.